సార్కాయిడోసిస్ కళ్ళు: వాపుకు ఏది మేలు, పొడికి ఏది మేలు?

సార్కాయిడోసిస్ అంటే ఒంట్లో అక్కడక్కడా వాపు కణాలు చిన్న చిన్న గడ్డలు కట్టే జబ్బు. పేరు వినగానే అందరికీ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. ఎక్స్‌రేలో ఉబ్బిన గ్రంథులు, దగ్గు, ఆయాసం. కళ్ళ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ జబ్బు కళ్ళను రెండు రకాలుగా సతాయిస్తుంది. ఒకటి యువైటిస్, అంటే కంటి లోపలి యువియా పొర వాచడం. రెండోది డ్రై ఐ. కన్నీటి గ్రంథుల్లోనే గ్రాన్యులోమాలు, అంటే ఆ వాపు గడ్డలు పుట్టి, ఊరే నీళ్ళు తగ్గిపోతాయి. రెండింట్లోనూ కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు పడదు. అందుకే ఒకదాని మందు ఇంకోదానికి వేసేసుకోవడం మామూలైపోయింది. నాకు రెండూ ఉన్నాయి. ఏ మందు మేలు అని అడిగేముందు, ఇవాళ సతాయిస్తున్నది ఏదో తేలాలి. సగం తప్పులు అక్కడే జరుగుతాయి.

పొడా, లోపలి వాపా?

పొడిబారిన కన్ను రోజంతా ఒకేలా ఉండదు. కంప్యూటర్ ముందు కూర్చుని సాయంత్రమయ్యేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. నాలుగుసార్లు రెప్పలార్పితే చూపు కాస్త తేటపడుతుంది. ఒక్కోసారి నీళ్ళు ధారగా కారతాయి కూడా. "పొడి అన్నారుగా, మరి ఈ నీళ్ళేంట్రా?" అని మా అమ్మ అడిగేది. కంటి పైపొర ఎండి చిరాకు పుడితే ఒక్కసారిగా ఊరే నీళ్ళవి. చెంపల మీదికి జారిపోతాయే గానీ కంటిమీద నిలవవు.

యువైటిస్ నొప్పి లోపల్నుంచి వస్తుంది. ఎరుపు ముఖ్యంగా నల్లగుడ్డు చుట్టూ వలయంలా కనిపిస్తుంది. రెప్పలార్పినా మసక పోదు. మంచి కంట్లో టార్చి వేసినా జబ్బు కన్నే జివ్వుమంటుంది, ఎందుకంటే రెండు కనుపాపలూ కలిసే ముడుచుకుంటాయి. కళ్ళకలకలో లాగా పుసి పట్టి రెప్పలు అతుక్కోవడం ఇందులో ఉండదు. అయినా మెడికల్ షాపులో "కళ్ళకలకే అన్నా, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది" అంటూ యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు చేతిలో పెడతారు. చిక్కేమిటంటే వాటితో ఎరుపు నిజంగానే తగ్గుతుంది. సగం చల్లారిన వాపు లోపల అలాగే రగులుతూ ఉంటే, ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) వెళ్ళి లెన్స్‌కు అతుక్కుపోవచ్చు.

ఎరుపూ నొప్పీ లేకుండా వచ్చే రకం ఇంకా మొండిది. కంటి మధ్యలో, వెనక రెటీనా వైపు వాపు వస్తే కళ్ళముందు నల్లటి నలుసులు తేలడం, కాస్త మసక, అంతే. కాబట్టి సార్కాయిడోసిస్ అని తేలగానే, కళ్ళు బాగానే ఉన్నా సరే, స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు వేసి కంటిని పెద్దగా చూసే యంత్రం) పరీక్ష, కనుపాప పెద్దది చేసి చూసే రెటీనా పరీక్ష ఒకసారి చేయించుకోవాలి.

ముందు భాగం వాపుకు: ఏ స్టెరాయిడ్ చుక్కలు?

ఎక్కువగా రాసేవి ప్రెడ్నిసోలోన్ అసిటేట్ 1 శాతం చుక్కలు. చవక, అన్ని ఊళ్ళలోనూ దొరుకుతాయి. కానీ వీటితో ఒక పేచీ ఉంది. సీసాను వెలుతురులో పెట్టి చూడండి, అడుగున తెల్లగా మందు పేరుకుని ఉంటుంది. బాగా కుదపకపోతే కంట్లో పడేది పైనున్న నీళ్ళే. మొదటి రోజుల్లో గంటకోసారి వేయమంటారు కాబట్టి ఆఫీసుకెళ్ళేవాళ్ళకు అదో పెద్ద పని.

రెండోది డైఫ్లుప్రెడ్నేట్ 0.05 శాతం. ఇది ఎమల్షన్, అంటే మందు అడుక్కి చేరకుండా పాలలా కలిసిపోయి ఉంటుంది, కుదపక్కర్లేదు. రోజుకు 4 సార్లు వేసిన ఈ మందు, 8 సార్లు వేసిన ప్రెడ్నిసోలోన్‌కు తీసిపోలేదని ట్రయల్స్‌లో తేలింది. సుఖం చూస్తే ఇదే మేలనిపిస్తుంది. అయితే కంటి ప్రెషర్‌ను బాగా పెంచగల మందు కూడా ఇదే. ప్రెషర్ పెరిగినట్టు మనకు తెలియదు, నొప్పి ఉండదు, పట్టించుకోకపోతే నీటికాసుల (గ్లకోమా) దాకా పోతుంది. రెండు వారాలకోసారి వెళ్ళి ప్రెషర్ కొలిపించుకోగలిగితే డైఫ్లుప్రెడ్నేట్ మంచిదే. కంటి ఆస్పత్రికి పోవాలంటే ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు లెక్కేసుకోవాల్సిన వాళ్ళకు ప్రెడ్నిసోలోనే నయమని నా లెక్క. ఈ సంగతి డాక్టరుతో నోరు తెరిచి చెప్పండి, అడగందే వాళ్ళకూ తెలియదు. ప్రెడ్నిసోలోన్‌తో కూడా ప్రెషర్ చూపించుకోవడం తప్పదు, కాకపోతే గండం కాస్త తక్కువ. లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ లాంటివి ప్రెషర్‌ను అంతగా పెంచవు గానీ, ముదిరిన యువైటిస్‌కు చాలవు.

వీటితోపాటు కనుపాప పెద్దది చేసే హోమాట్రోపిన్ లాంటి చుక్కలు రాస్తారు. దగ్గరి అక్షరాలు కనబడవని చాలామంది మానేస్తారు. ఐరిస్ అతుక్కోకుండా కాపాడేది అదే, మానకండి. తగ్గిందని స్టెరాయిడ్ చుక్కలు ఒక్కసారిగా ఆపేయడం కూడా అంతే తప్పు. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే వాపు తిరగబెడుతుంది.

లోపలికి దిగితే: మాత్రలా, ఇంజెక్షనా?

చుక్కలు కంటి వెనక భాగానికి సరిగా చేరవు. ఒక్క కంట్లోనే వాపు ఉంటే కంటి పక్కన ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒంటికి స్టెరాయిడ్ బాధలు తక్కువ, కానీ ఆ కంటికి శుక్లం, ప్రెషర్ ముప్పు ఎక్కువ. రెండు కళ్ళకూ ఉంటే, ఊపిరితిత్తులూ సతాయిస్తుంటే ప్రెడ్నిసోలోన్ మాత్రలే దారి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 255 మందితో మస్ట్ అనే ట్రయల్ జరిగింది. కంట్లో పెట్టే స్టెరాయిడ్ ఇంప్లాంట్‌ను, ఒంటికి ఇచ్చే మందులను పోల్చారు. రెండేళ్ళకు చూపు రెండు వైపులా దాదాపు సమానం. 7 ఏళ్ళు తిరిగేసరికి ఒంటికి మందులు వాడినవాళ్ళ చూపే మెరుగ్గా ఉంది.

మాత్రలు మొదలెట్టే ముందు మన దగ్గర టీబీ సంగతి తేల్చాలి. టీబీ కూడా గ్రాన్యులోమాలే చేస్తుంది, కంటికీ వస్తుంది. టీబీ ఉండగా దాని మందు లేకుండా ఒట్టి స్టెరాయిడ్ వేస్తే అది చెలరేగుతుంది. పైగా సార్కాయిడోసిస్ ఉన్నవాళ్ళకు మాంటూ పరీక్ష (చేతి చర్మం కింద సూది వేసి చూసే టీబీ పరీక్ష) నెగెటివ్ రావడం మామూలు, ఆ ఒక్క కాగితం చూసి నిశ్చింతగా ఉండలేం. ఛాతీ సీటీ, రక్త పరీక్ష, అవసరమైతే బయాప్సీ అంటే డాక్టర్ ఖర్చు పెట్టిస్తున్నాడని విసుక్కోవద్దు.

ఏళ్ళ తరబడి వాడాల్సి వస్తే

స్టెరాయిడ్ మాత్ర పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకున్నా షుగరు, బరువు, ఎముకలు, నిద్ర, అన్నింటి మీదా దెబ్బ కొడుతుంది. నెలల తరబడి తగ్గించలేకపోతే రోగనిరోధక శక్తిని అణిచే వేరే మందు కావాలి. ఎక్కువగా వచ్చే పోటీ మెథోట్రెక్సేట్‌కూ మైకోఫెనోలేట్‌కూ మధ్యే. 2019లో ఫలితాలు వచ్చిన ఫాస్ట్ ట్రయల్‌లో 216 మంది ఉన్నారు, అందులో మన అరవింద్ ఆస్పత్రుల పేషెంట్లూ ఉన్నారు. ఆరు నెలలకు వాపు అదుపులోకి వచ్చినవాళ్ళు మెథోట్రెక్సేట్ వైపు దాదాపు 67 శాతం, మైకోఫెనోలేట్ వైపు 57 శాతం. గణాంకాల ప్రకారం ఒకటి ఇంకోదాన్ని గెలిచిందనలేం. అలాంటప్పుడు చవకైనదీ, వారానికి ఒక్కరోజు వేసుకునేదీ అయిన మెథోట్రెక్సేట్‌కే నా ఓటు.

ఆ వారానికొక్కసారి అన్నదే దాంట్లో ప్రాణాపాయమైన చోటు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని మనిషి దక్కకపోవచ్చు. వేసుకోవాల్సిన రోజు పేరు డబ్బా మీద మార్కర్‌తో పెద్దగా రాయించండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు, మైకోఫెనోలేట్ కూడా అంతే. మద్యం తాగే అలవాటుంటే లివర్ ఊరుకోదు. ఫోలిక్ యాసిడ్, అప్పుడప్పుడూ రక్త పరీక్షలు తప్పవు. పని చేయడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఈలోగా పనిచేయలేదని మానేసేవాళ్ళే ఎక్కువ.

దీనికీ లొంగకపోతే అడాలిముమాబ్, రెండు వారాలకో ఇంజెక్షన్. అమెరికాలో యువైటిస్‌కు 2016లో అనుమతి వచ్చింది. మన దేశంలో బయోసిమిలర్లు (అదే మందును పోలిన వేరే కంపెనీల రకాలు) వచ్చాక ధర దిగింది గానీ ఇప్పటికీ మామూలు జీతానికి భారమే. దీనితో దాగి ఉన్న టీబీ లేస్తుంది కాబట్టి మొదలెట్టే ముందు ఆ పరీక్షలు మళ్ళీ చూస్తారు.

పొడికి: సీసానా, ఆంప్యూలా, జెల్లా?

కృత్రిమ కన్నీళ్ళలో కార్బాక్సీమిథైల్‌సెల్యులోజ్, సోడియం హయలురొనేట్ అని రెండు ముఖ్యమైనవి. వీటి మధ్య గొడవపడటం అనవసరం, కంటికి ఏది హాయిగా ఉంటే అది. అసలు చూడాల్సింది అట్టపెట్టె మీద ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) పేరు. బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే, రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేస్తే అదే కంటి పైపొరను ఇంకా పాడుచేస్తుంది. స్టెరాయిడ్ చుక్కల్లోనూ ప్రెషర్ చుక్కల్లోనూ చాలావాటిలో ఇదే ఉంటుంది, అంటే మన కంటికి డోసు రెండింతలు. కాబట్టి సార్కాయిడోసిస్ ఉన్నవాళ్ళకు ప్రిజర్వేటివ్ లేని చుక్కలే మేలు. ఆంప్యూళ్ళు, అంటే విరిచి వాడే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఖరీదెక్కువ, తెరిచినదాన్ని మర్నాటికి దాచుకోకూడదు. ప్రిజర్వేటివ్ లేకుండా ప్రత్యేకమైన మూతతో వచ్చే సీసాలు అడిగి చూడండి, చుక్క లెక్కన కాస్త చవక పడతాయి.

జెల్ చిక్కగా ఉంటుంది, వేశాక చూపు మసకేస్తుంది, రాత్రికి మాత్రమే. రకరకాల మందులు వేసేవాళ్ళు ఒక్కోదానికీ అయిదు నిమిషాలైనా ఎడం ఇచ్చి, జెల్ చివర్న వేయాలి. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను ఒక నిమిషం వేలితో నొక్కి పెడితే మందు గొంతులోకి జారకుండా కంట్లోనే ఉంటుంది.

చుక్కలు ఎంత వేసినా నిలవకపోతే రెండు దారులు: కంటి మీది వాపును చల్లార్చే సైక్లోస్పోరిన్ చుక్కలు, లేదా కన్నీరు ముక్కులోకి పోయే రంధ్రాలకు ప్లగ్గులు. ప్లగ్గు పెడితే ఫలితం త్వరగా తెలుస్తుంది కాబట్టి చాలామందికి అదే నచ్చుతుంది. నేను ముందు సైక్లోస్పోరిన్ అంటాను. కంటి మీద వాపు చల్లారకముందే రంధ్రాలు మూస్తే, వాపు రసాయనాలున్న కన్నీరే అక్కడ నిలవుంటుంది. సైక్లోస్పోరిన్ మొదట్లో చురుక్కుమంటుంది, గుణం కనబడటానికి మూడు నెలల పైనే పట్టొచ్చు. ఆ తర్వాత కూడా షిర్మర్ పరీక్షలో, అంటే కింది రెప్పకు కాగితపు ముక్క తగిలించి అయిదు నిమిషాలు చూసే పరీక్షలో, తడి 5 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే అప్పుడు ప్లగ్గు సంగతి ఆలోచించవచ్చు.

ఖర్చులేని పనులు మూడు. ఫ్యాను గాలి మొహం మీదికి రాకుండా మంచం జరపడం, బండి మీద హెల్మెట్ అద్దం దించుకోవడం, జలుబంటూ రోజూ వేసుకునే సెట్రిజిన్ డాక్టర్‌ను అడిగి మానుకోవడం. ఆ మాత్ర కళ్ళను ఎండగడుతుంది. నందివర్ధనం పూలు కళ్ళు మూసుకుని పెట్టుకోండి, చల్లగా హాయిగానే ఉంటుంది. రోజ్ వాటర్, తేనె, ఆముదం, చనుబాలు మాత్రం కంట్లో వద్దు. పొన్నగంటి కూర కంచంలో ఉంటే చాలు.

ఇంకొక్క మాట, డి విటమిన్ గురించి. స్టెరాయిడ్ వాడుతున్నారని కాల్షియం మాత్రలు, వారానికోసారి 60,000 యూనిట్ల డి విటమిన్ సాచెట్ దాదాపు అందరికీ రాసేస్తారు. సార్కాయిడోసిస్‌లో గ్రాన్యులోమాలే డి విటమిన్‌ను చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, దాంతో రక్తంలో కాల్షియం పెరిగిపోవచ్చు. పెరిగిన కాల్షియం కిడ్నీలనే కాదు, నల్లగుడ్డు మీద తెల్లటి పట్టీలా పేరుకుని కంటినీ పాడుచేయగలదు. ఎముకల డాక్టరుకో, ఇంటి దగ్గర డాక్టరుకో మీకు సార్కాయిడోసిస్ ఉందన్న సంగతి గుర్తుండకపోవచ్చు. చీటీ రాసేటప్పుడే చెప్పి, ముందు రక్తంలో కాల్షియం చూపించుకుని, అప్పుడు ఆ సాచెట్ కొనండి.