క్వాలిస్ కింద ‘టంగ్’ చప్పుడు, ఓల్డ్ మద్రాస్ రోడ్డు షెడ్డు

బెంగళూరులో పాత బండి ఉన్నవాళ్లకి, అందులోనూ ఇంజిన్ బలం వెనక చక్రాలకి వెళ్లే బండి ఉన్నవాళ్లకి ఈ మెకానిక్ షెడ్డు గురించి చెప్పాలి. కె.ఆర్.పురం దాటి హోసకోటె వైపు పోతుంటే, లారీలు వరసగా ఆగి ఉండే సర్వీస్ రోడ్డులో ఉంటుంది. బోర్డు లేదు. రేకుల కప్పు, గోడకి ఆనించి నిలబెట్టిన ప్రొపెల్లర్ షాఫ్టులు (గేర్‌బాక్స్ బలాన్ని వెనక చక్రాల వైపు అందించే పొడవాటి గొట్టాలు), అవే గుర్తు.

నాది 2003 మోడల్ డీజిల్ క్వాలిస్. ఇక్కడే బిడదిలో తయారైన బండి. 2005లో ఇన్నోవా రావడంతో కంపెనీ దీన్ని ఆపేసింది. పదిహేనేళ్లు దాటాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి ఆర్‌సీ రెన్యూవల్ చేయించుకుంటూ ఇంకా నడుపుతున్నాను. మదనపల్లెకి ఇంటిల్లిపాదీ ఒకే బండిలో వెళ్లి, వచ్చేటప్పుడు టమాటా బాక్సు కూడా వెనక పడేసుకుని రావాలంటే దీనికి సాటి ఏదీ నాకు కనపడలేదు.

ఇక చప్పుడు సంగతి. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదలగానే కింద ‘టంగ్’. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మారిస్తే ఇంకా గట్టిగా. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఒకటి, వదిలినప్పుడల్లా ఒకటి. హైవే ఎక్కాక మాత్రం ఏమీ వినపడదు. కింద ఎవరో స్పానర్ మర్చిపోయారేమో చూపించమని మా ఆవిడ ఒకటే పోరు.

మా ఇంటి దగ్గర గ్యారేజీలో చూపిస్తే, బండి ఎత్తకుండానే తేల్చేశారు. క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులో చక్రాలని తిప్పే పళ్ల చక్రాల జత) పోయిందట, అది ఉండే హౌసింగ్ మొత్తం సెకండ్ హ్యాండ్‌ది తెప్పించి వేయాలట. చెప్పిన రేటు వింటే, దానికి ఇంకాస్త కలిపి వేరే పాత బండే కొనుక్కోవచ్చనిపించింది. టెన్షన్ పడుతుంటే మా అపార్ట్‌మెంట్‌కి వాటర్ ట్యాంకర్ తోలే డ్రైవర్ ఈ షెడ్డు పేరెత్తాడు.

మేస్త్రిది ముళబాగిలు. కోలారు వైపు తెలుగే మాట్లాడతాడు. బానెట్ ముట్టుకోలేదు. “మీరు నడపండి సార్, నేను వింటా” అని వెనక సీటు మడిచి, నేలకి అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. సెకండ్ గేరులో మెల్లగా పోతూ యాక్సిలరేటర్ తొక్కి వదలమన్నాడు. నాలుగైదు ‘టంగ్‌’లు విన్నాక, స్పీడులో కూత ఏమైనా వస్తుందా అని అడిగాడు. లేదన్నాను.

“క్రౌన్ పోయుంటే కూత పెడుతుంది సార్. ఇది తన్నుతోంది, అంతే.”

షెడ్డుకి వచ్చి బండిని గుంత మీద పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్ చేశాడు. నా చేతికి టార్చి ఇచ్చి కిందికి రమ్మన్నాడు. ఈ పని చాలామంది మెకానిక్‌లు చేయరు. కస్టమర్ కింద చూస్తే ప్రశ్నలు ఎక్కువవుతాయని వాళ్ల భయం. ఒక చేత్తో షాఫ్టుని, ఇంకో చేత్తో డిఫరెన్షియల్ (క్రౌన్ పినియన్ ఉండే భాగం) ఫ్లాంజిని, అంటే షాఫ్టు బిగించే పళ్లేన్ని పట్టుకుని ఎదురెదురుగా తిప్పాడు. ‘కటక్’ మంది. షాఫ్టు కొసన కీలులా పనిచేసే, కూడిక గుర్తు ఆకారపు క్రాస్ కప్పుల అంచుల్లో ఇటుక పొడి చల్లినట్టు ఎర్రటి తుప్పు. గ్రీజు ఎండిపోయి ఇనుము ఇనుముని తింటే వచ్చే పొడి అది. గేర్‌బాక్స్ వైపు క్రాస్ మాత్రం గట్టిగానే ఉంది.

దొరికింది కదా అని అక్కడితో ఆగలేదు. గేర్‌బాక్స్ మౌంటింగ్‌ని రాడ్డుతో ఎత్తి చూశాడు. కమాన్ కట్టల (వెనక స్ప్రింగు పట్టీల) యూ బోల్టులకి స్పానర్ వేసి చూశాడు. డిఫరెన్షియల్ ప్లగ్ విప్పి, వేలు పెట్టి ఆయిల్ లెవెల్ చూసి, ఆ ఆయిల్‌ని రెండు వేళ్ల మధ్య నలిపి వెలుతురులో మెరుపు ఉందేమో చూశాడు. లోహపు రజను లేదు. ఫ్లాంజిని ఆడించి, పళ్ల మధ్య ఆ మాత్రం ఖాళీ ఉండాల్సిందేనని, అసలు లేకపోతేనే వేడెక్కి కరుచుకుంటాయని చెప్పాడు. క్రౌన్ జోలికి పోవద్దన్నాడు.

విప్పే ముందు ఫ్లాంజి మీదా షాఫ్టు మీదా కలిపి తెల్ల పెయింట్‌తో గీత గీశాడు. మళ్లీ అదే వరసలో బిగించకపోతే బ్యాలెన్స్ తేడా వచ్చి వైబ్రేషన్ మొదలవుతుంది. పాత క్రాస్‌ని సుత్తితో బాదకుండా, బెంచ్ వైస్‌లో సాకెట్లు అడ్డం పెట్టి నొక్కి తీశాడు. తీశాక నా చేతిలో పెట్టాడు. నున్నగా ఉండాల్సిన కొమ్ముల మీద సూది బేరింగులు అచ్చు పడి సన్నటి గాట్లు ఏర్పడ్డాయి. గోరుతో గీస్తే గోరు తగులుకుంటోంది. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) మీద మట్టి రాయిలా గట్టిపడి ఉంది. ఇన్నాళ్లూ నా సర్వీస్ బిల్లుల్లో ‘గ్రీజింగ్’ అని రాసి డబ్బులు తీసుకున్నవాళ్లు గ్రీజు గన్ను ఎక్కడ పెట్టారో మరి.

రెండు క్రాసులూ ఒకేసారి మార్పించాను. ముందుది బాగానే ఉంది, అక్కర్లేదని మేస్త్రి అన్నా నేనే పట్టుబట్టాను. సామాను, లేబరు కలిపి మూడు వేలు దాటలేదు.

మైనస్‌లూ ఉన్నాయి. కూర్చోవడానికి బోర్లించిన టైరు తప్ప ఏమీ లేదు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. మధ్యలో లారీ వస్తే మన బండి పక్కకి పోతుంది, ఎందుకంటే లారీవాడికి ఆ రోజు కూలీ పోతుంది. అది న్యాయమే అనుకోండి, సెలవు పెట్టి వెళ్లినవాడికి మాత్రం చిరాకే. స్పేర్ కోసం కుర్రాడిని జె.సి.రోడ్డుకి పంపిస్తే ఆ ట్రాఫిక్‌లో వాడు ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. క్రాస్ ముందే కొనుక్కుని వెళ్లండి, గ్రీజు నిపుల్ ఉన్నదే అడగండి. షాఫ్టు బ్యాలెన్స్ చేసే మిషను అక్కడ లేదు, స్పీడులో వణుకు ఉన్న బండైతే వేరే చోటికి వెళ్లాలి.

చప్పుడు పూర్తిగా పోయిందా అంటే, ‘టంగ్’ పోయింది. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మారిస్తే చిన్న ‘టక్’ ఇంకా ఉంది. అది క్రౌన్ పళ్ల ఖాళీ, వయసు వల్ల వచ్చింది, ఉంటుందని పని మొదలుపెట్టక ముందే చెప్పాడు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ఇప్పుడు ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడల్లా దగ్గరుండి, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా గన్ను కొట్టిస్తున్నాను.

స్విఫ్ట్, ఐ10 లాంటి ఫ్రంట్ వీల్ కార్లవాళ్లు మాత్రం అంత దూరం వెళ్లకండి. డ్రైవ్ షాఫ్ట్, సీవీ జాయింట్ పనులు ఆయన చేయడు. నా ముందే ఒకతన్ని చూడకుండానే పంపించేశాడు.