టోల్వాప్టాన్ 15 మి.గ్రా. మాత్ర: ఆస్పత్రిలో మొదలుపెడితేనే మంచి మందు

నెల్లూరు, తిరుపతి నుంచి చెన్నై గ్రీమ్స్ రోడ్డు ఆస్పత్రులకు వచ్చి వెళ్లే పెద్దవాళ్ల డిశ్చార్జి చీటీల్లో కనిపించే మందుల్లో ఇదొకటి. రక్తంలో సోడియం మామూలుగా లీటరుకు 135 మిల్లీ ఈక్వివలెంట్లకు పైన ఉండాలి. అది బాగా తగ్గినప్పుడు, లేదా కొంచెమే తగ్గినా లక్షణాలు ఉండి నీళ్లు తగ్గించినా పెరగనప్పుడు దీన్ని రాస్తారు. బాగా పనిచేస్తుంది. దానితో వచ్చే ప్రమాదం కూడా ఆ చురుకుతనం వల్లనే.

ఈ మాత్ర ఒంటికి ఉప్పు ఇవ్వదు. కిడ్నీలో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్‌కు అడ్డుపడి, ఎక్కువైన నీటిని మూత్రంలో పంపించేస్తుంది. నీరు పోయేకొద్దీ సోడియం గాఢత పెరుగుతుంది. కాబట్టి వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరే తగ్గిపోయినవాళ్లకు ఇవ్వకూడదు. దాహం తెలియనివాళ్లకు, మూత్రం రానివాళ్లకు కూడా వద్దు. ఫిట్స్ వస్తున్నా, స్పృహ తప్పుతున్నా ఈ మాత్రతో కాలయాపన చేయకూడదు. అక్కడ 3 శాతం సెలైన్ (గాఢమైన ఉప్పునీరు) కావాలి. ఆ సెలైన్ ఎక్కుతుండగా ఈ మాత్ర కలపకూడదు.

రాసేముందు పాత మందుల సంచీ మొత్తం బల్ల మీద పోయించి చూడాలి. బీపీ మాత్రలో కలిసి ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్ సోడియం తగ్గించగలవు. వీటిలో మొదటి రెండూ థయజైడ్ రకం మందులు; వాటిని ఆపితే చాలామందిలో సోడియం దానంతటదే పెరుగుతుంది. ఆ పెరుగుదల మీద టోల్వాప్టాన్ కూడా పడితే పెరుగుదల అదుపు తప్పుతుంది. షుగర్ బాగా ఎక్కువున్నా సోడియం తక్కువగా కనిపిస్తుంది. మూత్రం ఆస్మొలాలిటీ (గాఢత), మూత్రంలో సోడియం, థైరాయిడ్, కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) చూడకుండా ఈ మాత్ర రాయడం తొందరపాటు.

మోతాదు రోజుకు ఒకసారి 15 మి.గ్రా. ఉదయమే ఇవ్వాలి: పగలు రక్తపరీక్షలు చేయడానికి వీలవుతుంది, పెద్దవాళ్లు రాత్రి పదిసార్లు బాత్‌రూమ్‌కు లేచి పడిపోకుండా ఉంటారు. సోడియం మరీ వేగంగా పెరిగే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు 7.5 మి.గ్రా.తో మొదలుపెట్టడం మేలు. మొదటి మాత్ర తర్వాత 6 గంటలకు సోడియం చూడాలి, ఆ రోజంతా మళ్లీ మళ్లీ చూస్తుండాలి. 24 గంటలు గడవకుండా మోతాదు పెంచకూడదు, గరిష్ఠం రోజుకు 60 మి.గ్రా.

సోడియం పెరుగుదల 24 గంటల్లో 10 దాటకూడదు. మద్యం అలవాటు, తిండిలేక చిక్కిపోవడం, పొటాషియం తక్కువ ఉండడం, ఇలాంటివి ఉంటే 8 దాటనివ్వకూడదు. 12 దాటితే మెదడులో నరాల పైపొర దెబ్బతినే ప్రమాదం ఉంది: మాట ముద్దవడం, మింగలేకపోవడం, కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం. ఇవి అప్పటికప్పుడు కాక కొన్ని రోజులకు బయటపడతాయి, అందుకే ఇంటికి పంపాక కూడా మెలకువ అవసరం. పెరుగుదల హద్దు మీరుతుంటే మాత్ర ఆపి, 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీరు) ఇచ్చి, అవసరమైతే వాసోప్రెసిన్‌లా నీటిని పట్టి ఉంచే డెస్మోప్రెసిన్ ఇస్తారు.

ఎక్కువ తప్పు జరిగేది నీళ్ల దగ్గర. అప్పటిదాకా ‘నీళ్లు తగ్గించండి’ అని విన్న కుటుంబం, మాత్ర వేశాక కూడా చెంబు దాచిపెడుతుంది. మొదటి 24 గంటలు దాహమైనప్పుడల్లా తాగనివ్వాలి. లేకుంటే సోడియం ఒక్కసారిగా ఎగబాకుతుంది. కత్తిరి ఎండల్లో ఇది మరీ ముఖ్యం. ఈ మాట మంచం పక్కనున్నవాళ్లకు వాళ్ల భాషలోనే చెప్పాలి. తమిళంలో చెబితే తల ఊపేసే తెలుగు అమ్మమ్మకు అర్థమైందని అనుకోకూడదు.

క్లారిత్రోమైసిన్, కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్‌తో కలిపి ఇవ్వనే ఇవ్వకూడదు. మందు రక్తంలో పేరుకుపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ వద్దంటే ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు. పంపరపనస కూడా మానేయమని చెప్పాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్రం దీని పనిని బాగా తగ్గించేస్తుంది.

కాలేయ జబ్బున్నవాళ్లకు రాయకూడదనీ, 30 రోజులు మించకూడదనీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరించింది. అందుకే చీటీలో ఆపే తేదీ ఉండాలి. అది లేని చీటీతో మందుల షాపులో స్ట్రిప్ మీద స్ట్రిప్ కొంటూ పోతే ఇక అదుపు ఎవరి చేతిలోనూ ఉండదు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయినా మాత్ర ఆపి డాక్టర్‌ను కలవాలి. మాత్ర ఆపాక సోడియం మళ్లీ జారిపోవచ్చు, కాబట్టి వారంలోపు ఒక పరీక్ష తేదీ కూడా అదే చీటీలో రాయించుకోండి.