‘ఫస్ట్ కాపీ’ లెగో సెట్లు: కొనాలా, వద్దా?

ప్లాస్టిక్ ఇటుకలను అతికించి కార్లు, భవనాలు కట్టుకునే లెగో బొమ్మలకు నకిలీ సెట్టు ఇలా వస్తుంది: పెట్టె ఉండదు. నాలుగైదు పాలిథిన్ సంచుల్లో ముక్కలు, మూలలు మడతపడ్డ ఇన్‌స్ట్రక్షన్ బుక్కు, చుట్టూ బబుల్ ర్యాప్. ధర అసలు సెట్టులో మూడో వంతో నాలుగో వంతో. ‘ఫస్ట్ కాపీ సార్, సేమ్ క్వాలిటీ’ అంటాడు అమ్మేవాడు. ఈ మాటకు మన దగ్గర గిరాకీ ఊరికే పుట్టలేదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. పెద్ద లెగో సెట్టు ధర చూస్తే హాబీ సంగతి పక్కనపెట్టి ఈఎంఐ లెక్కలు వేసుకోవాల్సి వస్తోంది.

అయినా నకిలీ సెట్టు కొనొద్దనే చెప్తాం. ప్లాస్టిక్ నాసిరకమని కాదు, ఆ ఫిర్యాదుకు ఇప్పుడు మునుపటంత బలం లేదు. ‘చైనా మాల్’ అనీ కాదు, లెగోకే చైనాలోని జియాషింగ్‌లో సొంత ఫ్యాక్టరీ ఉంది. కారణాలు వేరే. పైగా దాదాపు అదే డబ్బుకు దొంగ సరుకు కానిది, నాణ్యమైనది దొరుకుతోంది.

ముందు ఏది నకిలీయో తేల్చుకోవాలి. పైన గుండ్రటి బొడిపెలుండి ఒకదానికొకటి అతికే ఇటుకను ఎవరైనా చెయ్యొచ్చు. దానికి లెగో పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇటుక ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా నిలుపుకోవాలని చూస్తే కెనడా సుప్రీంకోర్టు 2005లో, యూరప్ న్యాయస్థానం 2010లో కుదరదన్నాయి. ఆ మాటకొస్తే 1949లో లెగో తెచ్చిన మొదటి ఇటుకలు బ్రిటన్‌ కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలను చూసి చేసినవే! కాబట్టి పోలండ్ కోబీ, కొరియా ఆక్స్‌ఫర్డ్, మాటెల్ వారి మెగా, చైనా కాడా లాంటి కంపెనీలు లెగోకు అతికే ఇటుకలతో సొంత డిజైన్లు అమ్ముకుంటే అది పోటీ. సెట్టు డిజైన్‌నీ, పెట్టె మీది ఫొటోనీ, ఇన్‌స్ట్రక్షన్ బుక్కునీ, మినీఫిగర్‌నీ (చిన్న మనిషి బొమ్మ) మక్కీకి మక్కీ దించేస్తే అది నకిలీ. చైనా బ్రాండ్ లెపిన్ చేసింది ఇదే. 2019 ఏప్రిల్‌లో చైనా పోలీసులు దాని మీద దాడి చేశారు. 2020లో షాంఘై కోర్టు ప్రధాన నిందితుడికి ఆరేళ్ల జైలు, 9 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. లెపిన్ పేరు పోయింది గానీ అవే డిజైన్లు కొత్త పేర్లతో, ఒక్కోసారి ఏ పేరూ లేకుండా వస్తూనే ఉన్నాయి.

కొనేది బేగంబజార్‌లోనైనా ఆన్‌లైన్‌లోనైనా, నకిలీని పట్టుకోవడానికి ముక్కల సంఖ్య చూడండి చాలు. గేర్లతో కదిలే మోడళ్ల వరసను లెగో టెక్నిక్ అంటారు. అందులో బుగాటీ షిరాన్ కారు, సెట్టు నంబరు 42083, 3599 ముక్కలు. ఫొటోలో అదే కారు, వివరాల్లో అదే 3599 కనిపించి, లోగో ఉండాల్సిన చోట మసకగా చెరిపేసిన గుర్తుంటే ఇంక ఆలోచించక్కర్లేదు. చిక్కంతా ఔత్సాహికులు గీసిన డిజైన్లను, అంటే మాక్‌లను, ఎత్తేసిన సెట్లతోనే. వాటికి లెగో నంబరు ఉండదు. ఆ మోడల్ ఫొటోను రీబ్రికబుల్ సైట్‌లో వెతకండి. డిజైనర్ అక్కడ ఇన్‌స్ట్రక్షన్లను డబ్బుకు అమ్ముకుంటున్నాడని తేలితే, మీ చేతిలోని సంచి తాలూకు రూపాయి కూడా అతనికి చేరనట్టే. లెగోకు లాయర్లున్నారు, ఇతనికి లేరు. మా దృష్టిలో ఇది పెద్ద కంపెనీని కాపీ కొట్టడం కంటే హీనం.

ఇక నాణ్యత. లెగో ఇటుకలో బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మి.మీ., ఇటుక ఎత్తు 9.6, ప్లేట్ (పలచటి ముక్క) ఎత్తు 3.2, బొడిపె వ్యాసం 4.8. ఈ కొలతలు అందరికీ తెలిసినవే. వాటిని లక్షల ముక్కల్లో మిల్లీమీటరులో నూరో వంతు స్థాయిలో నిలబెట్టడమే కష్టం. అచ్చు అరిగేకొద్దీ పట్టు మారిపోతుంది. చవక తయారీదారు అరిగిన అచ్చునే ఇంకొంతకాలం లాగిస్తాడు. అందుకే ఒకే సంచిలో కొన్ని ప్లేట్లు గోరు విరిగేంత బిగుతుగా, కొన్ని ఊదితే ఊడేంత వదులుగా ఉంటాయి.

దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. 20 ఇటుకలను ఒకదానిమీద ఒకటి పెట్టి బాగా నొక్కండి. పైబొడిపె లెక్కలోకి తీసుకోకుండా ఎత్తు 192 మి.మీ. రావాలి. ఒక్కో ఇటుకలో 0.03 తేడా ఉంటే చివర 0.6 మి.మీ. తేలుతుంది, పక్కన అసలు ఇటుకల దొంతర నిలబెడితే కంటికే కనిపిస్తుంది. తర్వాత ఒకే బొడిపె ఉన్న ఒకటి బై ఒకటి ప్లేట్‌ను పెద్ద ప్లేట్ అంచుకు గుచ్చి తలకిందులు చేసి ఆడించండి. రాలితే పట్టు లేదు. చివరగా చిన్న క్లిప్ ముక్కను కడ్డీకి పదిసార్లు తగిలించి తీయండి. నకిలీల్లో ముందు పగిలేవి ఇవే. పారదర్శక ముక్కలది వీటి తర్వాతి వరస.

లెగో కూడా తప్పులు చేయనిదేమీ కాదు. దాని పాత ముదురు గోధుమ, ముదురు ఎరుపు ముక్కలు పెళుసుగా ఉండి పగిలేవని వాడినవాళ్లందరికీ తెలుసు. అంత ఖరీదైన సెట్టులోనూ ప్రింటుకు బదులు స్టిక్కర్లు పెట్టడం ఇప్పటికీ చిరాకే.

షిరాన్ సంగతికే వద్దాం. నకిలీ టెక్నిక్ సెట్టు ఎందుకు మొరాయిస్తుందో అందులో బాగా కనిపిస్తుంది. లోపల ఎనిమిది స్పీడ్ల గేర్‌బాక్స్, పదహారు సిలిండర్ల ఇంజిన్. చక్రం తిప్పితే ఆ కదలిక గేర్ల వరస దాటి పిస్టన్ల దాకా వెళ్లాలి. ఒక్కో యాక్సిల్ (ఇరుసు) రంధ్రంలో తిరిగేటప్పుడు కాస్త రాపిడి సహజం. యాక్సిల్ కొద్దిగా మందమైనా, రంధ్రం కొద్దిగా ఇరుకైనా ఆ రాపిడి ప్రతి చోటా కలుస్తూ పోతుంది. డజను చోట్ల దాటేసరికి చక్రం తిరగదు, బలంగా తిప్పితే గేర్లు ‘టక్ టక్’మని పళ్లు జారుతాయి. దానికి తోడు ముక్కలను రంధ్రాల్లో గుచ్చి కలిపే పిన్నుల గొడవ. లెగోలో రెండు రంధ్రాల పొడవున్న నల్ల పిన్ను బిగుతుది, లేత బూడిదది వదులుది. మూడు రంధ్రాల పొడవున్న పిన్నుల్లో నీలం బిగుతుది, లేత ఇసుక రంగుది వదులుది. నకిలీ సంచిలో రంగు సరిగ్గానే ఉంటుంది, పిన్ను మీద గీతలు మాత్రం తేడాగా వచ్చి వదులు పిన్నే బిగుసుకుంటుంది. తిరగాల్సిన భాగం అక్కడే ఆగిపోతుంది.

ఎలాగూ కొనేసినవాళ్లు గేర్‌బాక్స్ పూర్తవగానే, బాడీ కట్టకముందే వేలితో తిప్పి చూడాలి. బరువుగా ఉంటే యాక్సిల్ జారకుండా పట్టే బుష్‌లను బీమ్‌కు (రంధ్రాల పట్టీకి) ఆనకుండా వెంట్రుకవాసి వెనక్కి లాగండి, సగం సమస్య దానితోనే పోతుంది. అప్పటికీ తిరగకపోతే ఒక్కో యాక్సిల్‌ను విడిగా తీసి రంధ్రంలో దొర్లించి, పట్టేసేదాన్ని అసలు లెగో యాక్సిల్‌తో మార్చండి. కుట్టుమిషన్ నూనె మాత్రం వేయొద్దు. దుమ్ము పట్టి జిడ్డు ముద్దవుతుంది.

ఇలాంటి గేర్‌బాక్స్‌కు మోటార్ తగిలించారంటే ఇంకో ప్రమాదం. బిగుసుకుపోయిన గేర్ల మీద ఆగిపోయిన మోటార్ వేడెక్కుతుంది. పేరులేని సెట్లలో లిథియం బ్యాటరీ పెట్టెకు ఏ రక్షణ ఉందో చెప్పే దిక్కుండదు. దాన్ని చార్జింగ్‌లో పెట్టి నిద్రపోవద్దు.

తాజ్‌మహల్ సెట్టుది వేరే కథ. లెగో దాన్ని 2008లో 10189 నంబరుతో తెచ్చింది, 5922 ముక్కలు. ఉత్పత్తి ఆగాక సెకండ్‌హ్యాండ్ ధర ఆకాశాన్నంటింది, ఆ ఖాళీలోకి లెపిన్ కాపీ దూరింది. 2017లో లెగో అదే డిజైన్‌ను 10256గా మళ్లీ విడుదల చేసింది. ‘ఆపేసిన సెట్టు ఇంకెలా దొరుకుతుంది?’ అని నకిలీ కొన్నవాళ్లు ఇక్కడ దెబ్బతిన్నారు. కొలతల తేడా కూడా ఇలాంటి వెడల్పాటి పీఠంలోనే బయటపడుతుంది. 64 బొడిపెల వెడల్పు అంటే 512 మి.మీ. ఎనిమిది బొడిపెల ప్లేట్ ఒక్కోటి 0.05 ఎక్కువున్నా వరుసగా ఎనిమిది పేర్చేసరికి 0.4 మి.మీ. పెరుగుతుంది. పైవరస ప్లేట్లు వాటిని కలిపి కట్టలేక మధ్యలో ఉబ్బుతాయి. తెలుపులోనూ రెండు మూడు ఛాయలు వస్తే పాలరాతి గోడ కాస్తా అతుకుల బొంతలా తయారవుతుంది.

ముక్క తక్కువైతే? అసలు సెట్టుకు కంపెనీయే ఉచితంగా పంపుతుంది. నకిలీకి అడగడానికి మనిషే ఉండడు. అందుకే సంచులు రాగానే సెట్టు జాబితా ముందు పెట్టుకుని లెక్కించాలి. రంగులవారీగా కాదు, ఆకారాలవారీగా విడదీయండి. ఒకే ఆకారం కుప్పలో ఎర్రది చటుక్కున దొరుకుతుంది, ఎర్ర కుప్పలో చిన్న పిన్ను దొరకదు. రిటర్న్ గడువు లోపలే ఈ పని ముగించాలి. మూడు వేల ముక్కలకు ఒక ఆదివారం పోయినట్టే.

పిల్లలకైతే ఐఎస్‌ఐ గుర్తు లేనిది ఇంట్లోకే తేవద్దు. 14 ఏళ్లలోపు వాళ్ల బొమ్మలకు అది 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఐఎస్ 9873 ప్రమాణంలో పదునైన అంచులు, మంట అంటుకునే గుణం, సీసం లాంటి లోహాలు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లనే రసాయనాలు అన్నీ పరీక్షిస్తారు. గుర్తుతోపాటు ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరు సరిపోలిందో చూడండి. గుర్తు అచ్చేయించడం ఎవరికైనా చేతనవుతుంది. పెద్దల కోసమని రాసిన 18 ప్లస్ సెట్లకు మాత్రం ఈ ఒక్క గుర్తు మీదే ఆధారపడకండి.

మరి తక్కువ డబ్బుతో ఏం కొనాలి? ట్యాంకులు, విమానాలు ఇష్టమైతే కోబీ. ముక్కల మీది గుర్తులు, రాతలు అన్నీ ప్రింటే, స్టిక్కర్ల బాధ ఉండదు. రిమోట్ కార్లయితే కాడాలో కార్ల కంపెనీల లైసెన్సు ఉన్న మోడళ్లు చూడండి. సొంత డిజైన్ కట్టేవాళ్లు సెట్టు కాకుండా విడి ముక్కలు కొనాలి. ఈ వరసలో గోబ్రిక్స్ అనే కంపెనీ ముక్కల పట్టు, రంగు బాగా నిలకడగా ఉంటాయి. కనపడని లోపలి గోడలకు, పీఠాలకు లెగోకు అతికే వేరే బ్రాండ్ల ఇటుకలు నిరభ్యంతరంగా వాడండి. గేర్లు, యాక్సిళ్లు, పిన్నులు, క్లిప్పులు మాత్రం లెగోవే తీసుకోండి. సెట్టు ఖర్చులో అవి కొద్ది భాగమే, మోడల్ పాడయ్యేది మాత్రం వాటివల్లే.

ఇప్పటికే నకిలీ ముక్కలు ఇంట్లో ఉంటే అసలు వాటిలో కలపకండి. ఒకసారి కలిస్తే ఏటవాలు వెలుతురులో ఒక్కో బొడిపె మీద లెగో అక్షరాలు వెతుక్కుంటూ కూర్చోవాలి. రేపు అమ్ముదామన్నా లెగో ముక్కలు కొని అమ్ముకునే బ్రిక్‌లింక్ సైట్‌లో లెగో ముక్కలుగా అవి చెల్లవు. నూనె వాసన వస్తుంటే 40 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లలో కాస్త గిన్నెల సబ్బు కలిపి కడిగి, ఎండలో కాకుండా నీడలో గుడ్డ మీద ఆరబెట్టండి. మెత్తటి రబ్బరు టైర్లను విడిగా కాగితంలో చుట్టి పెట్టాలి. ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే వాటిలోని రసాయనం గట్టి ప్లాస్టిక్‌ను కరిగించి మచ్చ చేస్తుంది.