గేటు దగ్గర పెట్టిన పార్శిల్ పోతే ఎవరిని అడిగితే మేలు?

దసరా, దీపావళి ఆఫర్లు మొదలైతే చాలు, అనంతపురంలో మా కాలనీవాళ్లు నన్ను ఒకే మాట అడుగుతుంటారు: "యాప్‌లో డెలివరీ అయిందని చూపిస్తోంది, గేటు దగ్గర చూస్తే ఏమీ లేదు. ఇప్పుడు ఎవరిని పట్టుకోవాలప్పా?" అమ్మినవాళ్లనా, తెచ్చిన కొరియర్‌నా, పోలీసులనా? కొందరికి ఫిర్యాదులు రాసిపెట్టాను కాబట్టి నాకు తెలిసిన మేరకు ఇక్కడ చెప్తాను.

నా మొగ్గు అమ్మినవాళ్ల వైపే. వాళ్లతోపాటు డబ్బు తీసుకున్న యాప్‌నూ కలిపి అడగాలి. డెలివరీకి వచ్చిన కుర్రాడితో గొడవ వద్దు. అతనితో మనకు ఒప్పందం లేదు, మన డబ్బు అతని చేతికి పోలేదు. అనంతపురం ఎండల్లో బండి మీద తిరిగే మనిషిని వీధిలో నిలబెట్టి కేకలేస్తే పోయిన వస్తువు తిరిగి రాదు. కొరియర్ కంపెనీకి ఫోన్ చేస్తే "బుక్ చేసింది వాళ్లు, వాళ్లనే అడగమనండి" అంటారు. వినడానికి కోపం వస్తుంది కానీ అందులో న్యాయముంది. పార్శిల్ అప్పజెప్పి చార్జీ కట్టింది అమ్మకందారు. వాళ్లిద్దరి లెక్క వాళ్లు తేల్చుకోవాలి, మధ్యలో మనం ఎందుకు తిరగాలి?

ఒక్కచోట మాత్రం ఇది తారుమారవుతుంది. ధర్మవరం మగ్గాల దగ్గర వాట్సాప్‌లో చీర చూసి, ఫోన్ పే చేసి, "ఫలానా కొరియర్‌లో వేయండి" అని మనమే చెప్పే బేరం ఉంటుంది చూడండి, అక్కడ జాగ్రత్త. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్లకు చేర్చమని సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, మామూలుగా అది కొన్నవాళ్లకు ఇచ్చినట్టే లెక్క. అంటే దారిలో పోయినా "నేను పంపేశాను, రసీదు ఇదిగో" అనే అవకాశం అమ్మినవాళ్లకు దొరుకుతుంది. "మీకు నమ్మకమున్న కొరియర్‌లో మీరే పంపండి, ఇంటికి చేర్చే పూచీ మీదే" అని ఒక్క మెసేజ్ పెట్టి, సరేనని జవాబు తెప్పించుకోండి. పదిహేను వేల పట్టుచీరకు ఆ మెసేజే రక్ష.

ఇక నేను అన్నిటికన్నా పెద్దదిగా చూసేది వేరే ఉంది. ఆ పార్శిల్‌ను అక్కడ ఎవరి మాట మీద పెట్టారు? దొంగ ఎవరు, ఏ వీధిలో పోయింది అన్నవి తర్వాత. మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. మనం ఆఫీసులో ఉంటాం. "అన్నా, ఇంటికి తాళముంది, ఏం చేయమంటారు?" "గేటు లోపల పెట్టి పో నాయనా." అంతే. అదే చట్టం 33వ సెక్షన్‌లో, ఏది జరిగితే అప్పగించినట్టని ఇద్దరూ ఒప్పుకుంటారో అది జరిగితే సరుకు అందినట్టే అని ఉంది. మనం నోటితో ఒప్పుకున్నాం, అతను చెప్పినట్టే చేశాడు. ఆపైన పోతే నష్టం చాలావరకు మనదే. మనల్ని అడగకుండా గేటు మీద నుంచి విసిరేసి, ఫొటో తీసుకుని పోతే అది అప్పగించడం కాదు. అక్కడ గట్టిగా నిలబడవచ్చు.

ఓటీపీ సంగతి ఇంకా గట్టిది. "ఓటీపీ చెప్పండన్నా, బాక్సు అరుగు మీద పెడతా" అంటే చాలామంది మొహమాటానికి చెప్పేస్తారు. ఆ అంకెలు చెప్పామంటే వస్తువు నా చేతికి వచ్చిందని సంతకం పెట్టినట్టే వాళ్ల రికార్డులో పడుతుంది. దాన్ని తర్వాత కాదనిపించడం చాలా కష్టం. బాక్సు చేతిలో పడ్డాకే ఓటీపీ. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటే ఆమెకే నెంబరు చెప్పి ఉంచండి. ఎవరూ లేకపోతే "రేపు తీసుకురా తమ్ముడూ" అనండి, అతనేమీ అనుకోడు.

మరి అంగడిలో ఇప్పించుకుంటే? గేటు కన్నా నయమే, నేనూ అదే చేస్తాను. కానీ అక్కడ ఇమ్మని మనం చెప్పాక అంగడతనికి ఇచ్చినా మనకిచ్చినట్టే. ఊరికే సాయానికి పెట్టుకున్నా, మామూలు వివేకమున్న మనిషి తన సొంత సరుకును చూసుకున్నంత జాగ్రత్తగా అతను చూడాలని 1872 కాంట్రాక్టు చట్టం అంటుంది. అంత జాగ్రత్త పడ్డాక కూడా పోతే అతన్ని అడగలేం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ విషయంలోనూ అంతే, కాకపోతే మనం చెప్పకుండా వాచ్‌మన్ చేతిలో పెట్టిపోతే ఆ బాధ్యత మన నెత్తిన రుద్దడానికి లేదు.

పోలీసుల దగ్గరికి? విలువైన ఫోనో, ల్యాప్‌టాపో అయితే తప్పకుండా పోండి. అమ్మినవాళ్లతో వాదనకు ఆ ఫిర్యాదు కాపీ పనికొస్తుంది. అయిదు వేల లోపు వస్తువు, మొదటిసారి దొంగతనం, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద సమాజసేవే శిక్ష. చిన్న వస్తువుకు స్టేషన్ చుట్టూ తిరిగే కన్నా ఆ ఓపిక రీఫండ్ మీద పెట్టడం మేలు.

రీఫండ్‌కు దారి ఇదీ. ముందు యాప్‌లో లిఖితంగా ఫిర్యాదు, అందులో "నేను అందుకోలేదు, ఎక్కడా పెట్టమని చెప్పలేదు" అన్న వాక్యం ఉండాలి (నిజమైతేనే రాయండి). 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉంది కదా అని వెనక్కి తగ్గేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఎక్కడ నివసిస్తుంటే అక్కడే, అంటే అనంతపురంలోనే కేసు వేయవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఇన్‌వాయిస్ మీదున్న అమ్మకందారునూ, యాప్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ కాలం గడుపుతారు.

కమిషన్‌కు పోవడానికి రెండేళ్ల గడువుంది. ఎదురింటి సీసీ కెమెరాకు అంత ఓపిక ఉండదు, పాత రికార్డు కొద్ది రోజులకే చెరిగిపోతుంది. పార్శిల్ కనబడని రోజు సాయంత్రమే పోయి అడిగి, ఆ ముక్కను ఫోన్‌లోకి దింపుకోండి. డెలివరీ కుర్రాడి కాల్ వచ్చిన టైము, యాప్‌లో వాళ్లు పెట్టిన ఫొటో కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ ఫొటోలో ఉన్నది మన గేటేనా కాదా అన్నది ముందు చూడండి.