తూనీగల బడి కోసం మూడు మజిలీలు

నలభై దాటాక హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటానంటే ఇంట్లో నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత పక్కన కూర్చుని శిక్షణ సంస్థల వెబ్‌సైట్లు చూశారు. ఎన్ని చూసినా ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియలేదు. అందరూ సూర్యాస్తమయం ముందు నిలిపిన హెలికాప్టర్ ఫొటోనే పెట్టారు. అందరి విద్యార్థులూ నల్లకళ్లద్దాలతో నవ్వుతున్నారు. (హోవర్, అంటే గాలిలో ఒక్కచోటే నిలపడం, నేర్చుకునే తొలి గంటల్లో ఎవరూ నవ్వరు. దవడలు బిగుసుకుని ఉంటాయి.) చివరికి మూడు సంస్థలను ఎంచుకుని, ఒక్కోచోట ఐదేసి రోజులు ఉండి, ఒక్కో పరిచయ పాఠం తీసుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టాలని బయలుదేరాను.

బయలుదేరేముందు చేసిన తెలివైన పని ఒక్కటే: వైద్య పరీక్ష. సరదాకు నడిపే ప్రైవేటు లైసెన్సుకు ఒక స్థాయి పరీక్ష సరిపోతుంది, జీతానికి నడపాలంటే అంతకంటే కఠినమైనది కావాలి. రంగులు గుర్తించడంలో లోపమో, వినికిడిలో తేడానో సగం శిక్షణ అయ్యాక బయటపడితే కట్టిన ఫీజు నీళ్ల పాలే. అలాగే, ఒక దేశంలో తీసుకున్న లైసెన్సు మరో దేశంలో చాలాసార్లు నేరుగా చెల్లదు. అక్కడి అధికారుల చేత మార్పించుకోవాలి, కొన్నిచోట్ల పరీక్షలు మళ్లీ రాయాలి. ఎక్కడ ఎగరాలనుకుంటున్నామో తేల్చుకోకుండా ఎక్కడ నేర్చుకోవాలో వెతకడం దండగ.

మొదటి మజిలీ ఒక మహానగరం అంచున ఉన్న పెద్ద విమానాశ్రయం. అద్దాల గోడలు, మెత్తని సోఫాలు, గోడంత తెర ఉన్న సిమ్యులేటర్. బస కూడా సంస్థదే. నలుగురికి ఒక ఫ్లాటు, శుభ్రమైన మంచాలు, ఉదయం ఏడింటికి గుమ్మం ముందుకు వ్యాను. ఇన్ని చూశాక ఇంకేం కావాలనిపించింది. మర్నాడు నాలుగు సీట్ల రాబిన్సన్ ఆర్-44లో, మరో విద్యార్థి పాఠానికి అతని అనుమతితో వెనక సీట్లో కూర్చున్నాను. నా సలహా వినే పాటి అయితే ఈ ఒక్క పని తప్పక చేయండి. వెనక సీటు చెప్పినంత నిజం ఏ కరపత్రమూ చెప్పదు.

ఇంజన్ అందుకోగానే గడియారం చూసుకున్నాను. నియంత్రణ గోపురం అనుమతి కోసం తొమ్మిది నిమిషాలు నేలమీదే ఉన్నాం, ముందు ఒక జెట్ విమానం, దాని వెనక మరొకటి. సాధన చేసే మైదానానికి పద్నాలుగు నిమిషాలు, తిరుగు ప్రయాణానికి మరో పద్నాలుగు. గంట పాఠంలో ఆ కుర్రవాడు నిజంగా హోవర్ చేసింది ఇరవై నిమిషాలు కూడా లేదు. మీటరు మాత్రం గంటకీ తిరిగింది. రద్దీ విమానాశ్రయంలో రేడియో సంభాషణ బాగా అలవాటవుతుందని వాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు. కానీ ఇంకా నేలమీద నిలకడగా తేలడం రానివాడికి ఆ రేడియో విద్య చాలా ఖరీదైన విద్య.

ఈ మీటరు సంగతి అన్నిచోట్లా అడగాలి. కొన్ని సంస్థలు ఇంజన్ నడుస్తున్నంత సేపూ లెక్క కడతాయి, కొన్ని కలెక్టివ్ (యంత్రాన్ని పైకి లేపే, కిందికి దించే మీట) పైకెత్తి యంత్రం ఎగురుతున్న సమయాన్నే లెక్కిస్తాయి. ఇంజన్ వేడెక్కడానికీ, చివర చల్లబడటానికీ పట్టే నిమిషాలు ఎవరి ఖాతాలోకి వెళ్తాయో ముందే తెలుసుకోకపోతే, గంట రేటు తక్కువగా కనిపించిన చోటే బిల్లు ఎక్కువవుతుంది. ఇంధనం, ల్యాండింగ్ రుసుము, ఎగరడానికి ముందూ తర్వాతా శిక్షకుడు కూర్చుని చెప్పే సమయం, ఇవి రేటులో కలిసి ఉన్నాయో లేదో కూడా అడగాలి. లైసెన్సుకు ఎగరాల్సిన కనీస గంటలను చూసి మొత్తం ఖర్చు లెక్క వేయడం మరో పొరపాటు. ప్రైవేటు లైసెన్సుకు అమెరికా నిబంధనల్లో మామూలుగా కనీసం 40 గంటలు, ఐరోపాలో 45. ఆ అంకెల దగ్గర ఆగేవాళ్లు అరుదు.

మూడో రోజు పొగమంచు కమ్మింది. పాఠాలన్నీ రద్దయ్యాయి. ఆ సంగతి మాకు తెలిసింది వ్యాను ఎక్కి అక్కడికి చేరాక. విద్యార్థులు సోఫాల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు, శిక్షకులు వేరే గదిలో కూర్చున్నారు, సిమ్యులేటర్‌కు తాళం. మధ్యాహ్నానికి అందరినీ పంపేశారు. ఆ సాయంత్రమే ఒక ఉద్యోగి నన్ను పిలిచి, మొత్తం ఫీజు ఒకేసారి కడితే మంచి రాయితీ ఇస్తామన్నాడు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో ఎన్నో శాఖలున్న ఒక హెలికాప్టర్ శిక్షణ సంస్థ ఉన్నట్టుండి మూతపడింది. అప్పు తెచ్చి ముందే కట్టిన విద్యార్థుల్లో చాలామందికి లైసెన్సూ దక్కలేదు, డబ్బూ దక్కలేదు. ఆ ఉదంతం నాకు గుర్తుండటం వల్ల రాయితీ మీద ఆశ పుట్టలేదు. ఏ పాఠానికి ఆ పాఠం, మహా అయితే పది గంటలకు సరిపడా కట్టనిచ్చే చోటే నా వెతుకులాట అని చెప్పి సంచి సర్దుకున్నాను.

రెండో మజిలీ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన, చెట్లు పలచగా ఉన్న పీఠభూమి. గోపురం లేని చిన్న ఎయిర్‌ఫీల్డ్. బస హ్యాంగర్ (యంత్రాలు నిలిపే షెడ్డు) వెనక రేకుల గది. ఎండ ఎక్కితే పెనం, గాలి వీస్తే తప్పెట. కానీ మంచం నుంచి యంత్రం దగ్గరికి నలభై అడుగులు, యంత్రం నుంచి హోవర్ చేసే గడ్డి మైదానానికి రెండు నిమిషాలు. వెళ్లగానే నన్ను బూట్లతో సహా తూకం యంత్రం మీద నిలబెట్టారు. మొదటి చోట నా బరువు నోటిమాటగా అడిగి, నేను చెప్పింది రాసుకున్నారు. నేను నాలుగు కిలోలు తగ్గించి చెప్పానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఇక్కడివి రెండు సీట్ల రాబిన్సన్ ఆర్-22లు. 1979లో ధ్రువీకరణ పొందిన యంత్రం, నేటికీ ఎన్నో బళ్లలో ఇదే పలక. నిండు బరువు 622 కిలోలు దాటకూడదు, ఒక్కో సీటు 109 కిలోలకు మించి మోయకూడదు. అందుకే ఆ తూకం. పైగా ఎత్తైన చోట, ఎండ వేళ గాలి పలచబడుతుంది. ఉదయం ఆరింటికి అవలీలగా లేచిన యంత్రమే పదకొండింటికి ఆయాసపడుతుంది. అందువల్ల ఇక్కడి విద్యార్థులకు ఇంజన్ శక్తిని పొదుపుగా వాడటం తొలి రోజు నుంచే వస్తుంది.

ప్రధాన శిక్షకుడు మితభాషి. నేల నుంచి ఐదడుగుల ఎత్తులో యంత్రాన్ని నిలిపి, ముందు నాకు పెడళ్లు మాత్రమే ఇచ్చాడు. ముక్కు ఎటూ తిరగకుండా పట్టాను, బాగానే ఉంది. తర్వాత కలెక్టివ్, అదీ ఫరవాలేదు. మూడోసారి సైక్లిక్ ఇచ్చాడు, యంత్రాన్ని ముందుకూ వెనక్కూ పక్కలకూ నడిపే కర్ర. యంత్రం కొంచెం ఎడమకు జరిగింది, నేను కుడికి నెట్టాను. అది స్పందించడానికి ఒక్క క్షణం ఆలస్యం. పని చేయలేదనుకుని ఇంకాస్త నెట్టాను. తీరా కదిలేసరికి నా రెండు నెట్టుళ్లూ కలిసి కుడికి విసిరేశాయి. దాన్ని ఆపబోయి ఎడమకు అంతకు రెట్టింపు. నాలుగు ఊపుల్లో మైదానమంతా తిరిగేశాం. ఆయన చేయి వేయగానే గోడకు కొట్టిన మేకులా నిలబడిపోయింది. "ముంజేతిని తొడకు ఆనించండి. ముందున్న నేలను కాదు, ఆ దూరపు చెట్టును చూడండి," అన్నాడు. చెట్టును చూస్తే పది సెకన్లు నిలిచింది. నా జీవితంలో అంత పొడవైన పది సెకన్లు లేవు.

ఇక్కడ ఎగరని రోజు వాతావరణం వల్ల రాలేదు. ఆర్-22ను 2,200 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పటికి, పూర్తిగా విప్పి పునరుద్ధరించాలి. వీళ్లకున్న రెండింటిలో ఒకటి ఆ గడువుకు వచ్చి హ్యాంగర్‌లో ఆగిపోయింది. మెకానిక్ మమ్మల్ని పిలిచి చుట్టూ నిలబెట్టాడు. ఇంజన్ నుంచి రోటర్‌కు, అంటే పైన తిరిగే రెక్కలకు, శక్తిని చేరవేసే బెల్టులను మా చేతులతో తడిమించాడు. రెండు రెక్కలూ తాసు కొయ్యలా ఊగే ఆ రోటర్ తలను చూపించి, సైక్లిక్‌ను హఠాత్తుగా ముందుకు తోసి ఒంట్లో బరువు తేలిపోయే స్థితి తెచ్చుకుంటే ఏమవుతుందో తన రెండు అరచేతులతో చేసి చూపాడు. ఆ స్థితిలో యంత్రం కుడికి ఒరిగినప్పుడు కంగారుగా ఎడమకు లాగితే రోటర్ తల ఇరుసునే కొట్టి విరగ్గొట్టగలదు. ఇలాంటి ప్రమాదాల వల్లే అమెరికా 1995లో ఆర్-22, ఆర్-44లకు ప్రత్యేక శిక్షణ నిబంధన తెచ్చింది. పుస్తకంలో మూడుసార్లు చదివినా ఎక్కనిది ఆ గ్రీజు చేతులు చూశాక ఎక్కింది.

లోపం కూడా ఆ హ్యాంగర్‌లోనే కనిపించింది. ఎనిమిది మంది విద్యార్థులు, మిగిలింది ఒక్క యంత్రం. వారానికి ఒక్క పాఠం దొరికితే, చేతులు పోయిన వారం నేర్చుకున్నది మరిచిపోతాయి. ఒక్కో పాఠంలో సగం పాతది గుర్తు చేసుకోవడానికే సరి. పైగా రెండో శిక్షకుడు మంచి ఉద్యోగానికి కావలసిన గంటలు పూర్తవుతున్నాయని, రెండు నెలల్లో వెళ్లిపోతానని నిజాయతీగా చెప్పాడు. తొలి ఉద్యోగంగా పాఠాలు చెబుతూ గంటలు కూడబెట్టుకోవడం ఈ వృత్తిలో మామూలే, తప్పేమీ కాదు. కానీ మీ లైసెన్సు మధ్యలో శిక్షకుడు మారితే ఆ ఖర్చు మీదే. యంత్రాలు ఎన్ని, వాటికి ఇంకా ఎన్ని గంటలు మిగిలాయి, శిక్షకుడు ఎప్పటిదాకా ఉంటాడు: ఈ మూడు ప్రశ్నలు నేను అక్కడే నేర్చుకున్నాను.

మూడోది సముద్రతీరం. బస ఒక వృద్ధ దంపతుల ఇంటి పై గది, ఎయిర్‌ఫీల్డ్‌కు సైకిల్ మీద పాతిక నిమిషాలు, అదీ ఎదురుగాలిలో. బస విషయంలో ఇదే అన్నిటికంటే ఇబ్బంది. ఇక్కడ ఫ్రెంచి తయారీ కాబ్రి జీ-2లు మూడు ఉన్నాయి. మూడు రెక్కల రోటర్, తోక రోటర్ వలయంలో దాగి ఉంటుంది, నేలకు బలంగా తగిలితే ఆ దెబ్బను మింగేలా చేసిన సీట్లు. గంట రేటు ఆర్-22 కంటే ఎక్కువ.

లేవగానే నా పరువు పోయింది. ఆర్-22 లాంటి అమెరికన్ యంత్రాల రోటర్ పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది, శక్తి పెంచితే ఎడమ పెడల్ నొక్కాలి. కాబ్రిలో అంతా తలకిందులు, కుడి పెడల్ నొక్కాలి. వారం క్రితం ఆర్-22లో నేర్చుకున్న నా ఎడమకాలు గర్వంగా ముందుకెళ్లింది. సముద్రం, హ్యాంగర్, మళ్లీ సముద్రం, గిర్రున కళ్లముందు తిరిగాయి. శిక్షకురాలు తాపీగా ఆపి, "ఇది అందరికీ అవుతుంది," అంది. తర్వాత ఆటోరొటేషన్ చూపించింది. ఇంజన్ ఆగిందనుకుని కలెక్టివ్ దించితే, కింది నుంచి వచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది. ఆర్-22 రోటర్ తేలిక, కలెక్టివ్ దించడానికి దొరికే వ్యవధి రెండు సెకన్లు కూడా ఉండదు. కాబ్రి రోటర్ ఇంకాస్త ఓపిక పడుతుంది.

నాలుగో రోజు ఈదురుగాలి. ఉదయం ఐదున్నరకే సందేశం వచ్చింది: ఎగరడం లేదు, తొమ్మిదింటికి క్లాసు. హెలికాప్టర్ తాను కిందికి నెట్టిన గాలిలోనే తాను కూరుకుపోతూ దిగిపోయే స్థితిని ఆ రోజు చర్చించారు. ప్రతి విద్యార్థీ లేచి, తాను ఎప్పుడు అలాంటి పరిస్థితికి దగ్గరగా వెళ్లాడో చెప్పాలి. ఒక అమ్మాయి తన తప్పు చెప్పింది. ఆ తర్వాత శిక్షకురాలు తన తప్పు చెప్పింది. గోడ మీద ప్రతి విద్యార్థికీ ఒక పట్టిక, ఏ పాఠం ఏ స్థాయిలో ఉందో అందులో ఉంది. శిక్షకుడు మారినా కొత్తవాడు ఆ పట్టిక చూసి అందుకుంటాడు.

నా వయసు ఇరవై అయి, దీన్నే బతుకుతెరువు చేసుకోవాలనుకుంటే రేకుల గదికే వెళ్లేవాణ్ని. పాఠాలు చెప్పే తొలి ఉద్యోగాలు ఎక్కువగా రాబిన్సన్ యంత్రాలున్న చోటే దొరుకుతాయి, ఆ గంటలకు విలువ ఉంది. క్యూ మాత్రం భరించాలి. నాకు కావలసింది ఉద్యోగం కాదు, పెళ్లీడుకొచ్చిన కూతురికి భయం లేకుండా పక్క సీటు చూపించగలగడం. సముద్రతీరానికే ఒప్పుకున్నాను, పది గంటల చొప్పున కడతానని రాసి ఇచ్చాను. గది మాత్రం ఎయిర్‌ఫీల్డ్‌కు దగ్గరగా వేరేది చూసుకున్నాను.

జవాబుగా వచ్చిన ఉత్తరంలో రసీదు కంటే ముందు చదవాల్సిన అధ్యాయాల జాబితా ఉంది. కింద ఒక వాక్యం: వచ్చే వారానికి ముందే బూట్లతో మీ బరువు తూచి పంపండి. తూచాను. రెండు కిలోలు పెరిగాను. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను.