సింటర్‌క్లాసా, శాంటాక్లాజా?

పిల్లలకు కానుకలు తెచ్చే ఈ ఇద్దరు తాతలకీ మూలం ఒక్కరే: 4వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని మైరాలో బిషప్‌గా ఉన్న సెయింట్ నికోలస్. ముగ్గురు కూతుళ్లకు కట్నం ఇచ్చుకోలేని ఓ తండ్రి ఇంట్లోకి రాత్రిపూట, ఎవరికీ తెలియకుండా బంగారం మూటలు విసిరారని ఆయన కథ.

డచ్చివాళ్ల సింటర్‌క్లాస్ ఇప్పటికీ బిషప్పే. పొడవాటి టోపీ, చేతికర్ర, తెల్లగుర్రం. పిల్లలు తమ బూటులో ఆ గుర్రం కోసం క్యారెట్ పెట్టి పడుకుంటారు, అందుకే నాకు ఈయనే ఎక్కువ ఇష్టం. ప్రధాన కానుకలు డిసెంబర్ 5 సాయంత్రమే.

అదే పేరు అమెరికా వెళ్లి శాంటాక్లాజ్ అయ్యింది. బిషప్ టోపీ పోయి బొజ్జ, రెయిన్‌డీర్ బండి వచ్చాయి, 1863 నుంచి కార్టూనిస్ట్ థామస్ నాస్ట్ గీసిన బొమ్మలతో ఆ రూపం స్థిరపడింది. ఎర్రకోటు కోకాకోలా తొడిగిందంటారు గానీ కాదు, 1931 నాటి ఆ ప్రకటనలకు ముందే ఉంది. మన క్రిస్మస్ తాత ఈయనే.