మూడేళ్ళ పాప, ఆరేళ్ళ బాబుతో హైదరాబాద్ పార్కులు: ఎక్కడ డబ్బు పెట్టాం, ఎక్కడ పెట్టలేదు

పిల్లలతో హైదరాబాద్ వెళ్తున్నాం, రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళమంటారా, రైడ్లూ నీళ్ళ ఆటలూ ఉండే వండర్‌లాకి వెళ్ళమంటారా అని అడిగేవాళ్ళని ముందు నేనొకటి అడుగుతాను. మీ పిల్లల ఎత్తెంత? వయసు కాదు, ఎత్తు. గోడకి ఆనించి నిలబెట్టి టేపుతో కొలవండి, ఎందుకంటే వండర్‌లాలో టికెట్ లెక్క సెంటీమీటర్లలో ఉంటుంది. 85 లోపు అయితే టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దల టికెట్. మూడేళ్ళు నిండిన పిల్లలు మామూలుగా 85 దాటేసే ఉంటారు కాబట్టి "ఇంకా చంకలోనే ఉంటుందండీ" అంటే గేటు దగ్గర చెల్లదు. పెద్ద రైడ్ల దగ్గర మళ్ళీ వేరే ఎత్తు ఉంటుంది, అది వీళ్ళకి ఇంకా రాదు. అంటే టికెట్ పడుతుంది గానీ రైడ్ ఎక్కనివ్వరు. మూడు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలున్న ఇంట్లో డబ్బు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే.

మేం రాజమండ్రి నుంచి బయల్దేరాం. నేను, మా ఆయన, అత్తయ్య, ఒకటో తరగతి బాబు, మూడు దాటిన పాప. సంక్రాంతి సెలవుల్లోనే వెళ్దామని మా ఆయన పట్టుబట్టారు గానీ నేను ఒప్పుకోలేదు. సెలవుల్లో రూము అద్దెలు, పార్కు టికెట్లు, బస్సు చార్జీలు అన్నీ కలిసి పెరుగుతాయి, పైగా ప్రతి షో దగ్గరా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటే గానీ ఏమీ కనపడదు. ఫిబ్రవరి మొదట్లో, వారం మధ్యలో వెళ్ళాం. ఒకటో తరగతి పిల్లాడు నాలుగు రోజులు బడి మానేస్తే కొంపలేమీ మునిగిపోవు. వండర్‌లాలో మామూలు రోజు టికెట్‌కీ శనాదివారాల టికెట్‌కీ తేడా ఉంటుంది, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే ఇంకొంచెం తగ్గుతుంది. టికెట్ కన్నా పెద్ద లాభం క్యూలు. చిన్నపిల్లలు ఎండలో ముప్పావుగంట నిలబడలేరు, అంతే.

ప్రయాణం సంగతి. రైల్లో ఐదేళ్ళ లోపు పిల్లలకి విడిగా బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు, ఐదు దాటాక బెర్త్ కావాలంటే మాత్రం పెద్దవాళ్ళ చార్జీయే. 2016 నుంచి ఇదే నియమం, అయినా ఇప్పటికీ చాలామంది సగం టికెట్ అనుకునే బడ్జెట్ వేసుకుంటారు. ఆర్టీసీలో అయితే ఐదు నుంచి పన్నెండేళ్ళ దాకా సగం టికెట్. బస్సు ఖర్చు తక్కువే, కానీ ఈమధ్యే డైపర్ మానిన పిల్లతో రాత్రంతా బస్సంటే నాకు టెన్షన్. అందుకని వెళ్ళేటప్పుడు గౌతమి ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్ళాం, వచ్చేటప్పుడు బస్సులో వచ్చాం. విజయవాడ వైపు వెళ్ళే బస్సులు ఎల్బీ నగర్ మీదుగానే పోతాయి కాబట్టి తిరుగు ప్రయాణంలో సామానేసుకుని ఊరంతా దాటే పని తప్పింది.

బస ఎక్కడ అనేది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. హైదరాబాద్ అనగానే అమీర్‌పేటో, బంధువులున్నారని కూకట్‌పల్లో అనుకుంటారు. మ్యాప్ తెరిచి చూడండి. ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటాక వస్తుంది. వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. రెండూ ఊరికి ఒకే వైపున్నాయి. కూకట్‌పల్లి నుంచి పొద్దున్న ట్రాఫిక్‌లో రెండు చోట్లకీ క్యాబ్ కట్టించుకుంటే రానూపోనూ అయ్యే డబ్బుతో ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు ఒక రాత్రి గది వచ్చేస్తుంది. మా పెద్దాడపడుచు కూకట్‌పల్లిలోనే ఉంటుంది, తన ఇంటికి రాలేదని కాస్త అలిగింది కూడా. చివరి రోజు భోజనానికి వెళ్ళి సర్దుకున్నాం.

ఫిల్మ్ సిటీ లోపల కూడా ఉండొచ్చు. సితార ఖరీదైనది, తార దానికన్నా కాస్త తక్కువ, శాంతినికేతన్ ఇంకా తక్కువ, గుంపుగా వచ్చేవాళ్ళకి సహారా. లోపల ఉంటే మధ్యాహ్నం పిల్లల్ని గదిలో పడుకోబెట్టుకోవచ్చు, అది నిజంగా పెద్ద సుఖం. కానీ అయిదుగురికి రెండు గదులు తీసుకోవాల్సి వచ్చేట్టుంది, ఒక్క రోజు చూసే చోటికి అంత పెట్టడం మాకు దండగనిపించింది. కొత్తగా పెళ్ళయిన జంటకైతే అక్కడే ఉండమని చెప్తాను. పిల్లల తల్లికి చెప్పను.

మేం వనస్థలిపురంలో వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ రోజు అద్దెకి తీసుకున్నాం, రోజుకి 2,200. ఫోటోల్లో కనిపించినంత గొప్పగా ఏమీ లేదు. గీజరు ఒక బాత్రూంలోనే పనిచేసింది, వాచ్‌మన్‌కి మూడుసార్లు చెప్పినా "ఇదిగో వస్తున్నాడమ్మా" అన్న ఎలక్ట్రీషియన్ మేం ఖాళీ చేసేదాకా రాలేదు. పాపకి కూడా ఎక్స్‌ట్రా మనిషి కింద డబ్బులడిగారు. మూడేళ్ళ పిల్ల మా పక్కనే పడుకుంటుంది, దానికి మీరిచ్చేది ఏంటి అని అత్తయ్య నిలదీస్తే వదిలేశారు. ఇన్ని ఉన్నా మళ్ళీ వెళ్తే వంటగది ఉన్న చోటే చూస్తాను. పొద్దున్నే పాలు కాచుకోవడం, ఇంత అన్నం వండి పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకోవడం, రాత్రి రాగానే వేడివేడిగా చారన్నం. రోజుకి రెండు పూటలు అయిదుగురికి హోటల్ బిల్లు తప్పింది, అంతకన్నా ముఖ్యంగా పిల్లల కడుపులు పాడవలేదు.

ఇక ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైంది, 1,600 ఎకరాల పైమాటే. ఆ సంఖ్య వినగానే అంతా తిరిగెయ్యాలనిపిస్తుంది, చిన్నపిల్లలుంటే ఆ ఆలోచన ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. గేటు దగ్గర టికెట్ చూపించాక వాళ్ళ బస్సే లోపల యురేకా అనే చోటి దాకా తీసుకెళ్తుంది, అక్కడి నుంచి ఎర్ర బస్సుల్లో సెట్లన్నీ తిప్పి చూపిస్తారు. మా బాబుకి ఆ రోజంతటిలో అన్నిటికన్నా నచ్చింది ఈ బస్సే! ఉత్తుత్తి రైల్వే స్టేషన్, ఉత్తుత్తి విమానాశ్రయం, ముందు గోడ మాత్రమే ఉండి వెనక ఏమీ లేని వీధులు. "అమ్మా, ఈ ఇంట్లో బాత్రూం ఎక్కడ?" అని అడిగాడు. అత్తయ్యకి మహాభారతం సెట్లు, తోటలు నచ్చాయి, బాహుబలి సెట్ దగ్గర మా ఆయన పిల్లల కన్నా ఎక్కువసేపు ఫోటోలు దిగారు. ముగ్గురు మూడు వయసుల వాళ్ళకి ఒకే టికెట్ మీద ఏదో ఒకటి దొరకడం, రామోజీకి నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఇదే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా బస్సులో కూర్చునే సగం చూసేస్తారు. వండర్‌లాకి వచ్చుంటే అత్తయ్య చేసేది బెంచీ మీద కూర్చుని మా చెప్పులకి కాపలా కాయడమే, ఆ కాపలాకి టికెట్ డబ్బులివ్వాలి.

చిన్నవాళ్ళకి ఫండుస్తాన్ అని విడిగా ఉంది, పాపని అక్కడ వదిలితే రానని మారాం చేసింది. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట కూడా బాగున్నాయి, నిదానంగా నడిచే పిల్లలకి సరిపోతాయి. బోరాసురా అనే భయపెట్టే చోటికి మాత్రం అయిదేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. చీకటి, అరుపులు, ఎదురుగా ఏవేవో వచ్చి పడటం. మేం పాపని అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళాం, బాబు సగం దూరం కళ్ళు మూసుకునే నడిచాడు, బయటికొచ్చాక మళ్ళీ వెళ్దామన్నాడు. స్టంట్ షోలో పేలుళ్ళ చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవులు మూసుకునే పిల్లలైతే వెనక వరుసలో కూర్చోండి.

షోల టైములు లోపలికి వెళ్ళగానే చూసుకుని, పిల్లలు నిద్రపోయే వేళ ఏది వస్తుందో అది వదిలేయండి. మేం మధ్యాహ్నం ఒక నీడలో దుప్పటి పరిచి పాపని గంటన్నర పడుకోబెట్టాం. ఒక షో పోయింది, పోతే పోయింది, సాయంత్రం దాకా పిల్ల ఏడవకుండా తిరిగింది. మడత పెట్టే స్ట్రోలర్ ఉంటే తీసుకెళ్ళండి, బస్సు ఎక్కిన ప్రతిసారీ మడవాలి నిజమే, అయినా పదిహేను కేజీల పిల్లని ఎత్తుకోవడం కన్నా నయం.

తిండి సంగతికొస్తే, ఈ రెండు పార్కుల్లోనూ బయటి తిండి రానివ్వరు, లోపల ధరలు బయట కన్నా ఎక్కువే ఉంటాయి. పసిపిల్లల తిండి అని చెప్పి పాప పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళాం, అభ్యంతరం పెట్టలేదు. మేం పొద్దున్నే ఎల్బీ నగర్‌లో కడుపునిండా టిఫిన్ చేసి, లోపల ఒక్క భోజనంతో సరిపెట్టుకుని, బయటికొచ్చాక అరటిపళ్ళు తిన్నాం.

వెళ్ళడానికి ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ మీదుగా సిటీ బస్సులున్నాయి. ఆడవాళ్ళకి ఫ్రీ కదా అని అత్తయ్య ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని ఎక్కారు. అది తెలంగాణ కార్డు ఉన్నవాళ్ళకే అని కండక్టర్ నవ్వుతూనే చెప్పి టికెట్ కొట్టాడు. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు జాగ్రత్త. పార్కు మూసే వేళకి అందరూ ఒకేసారి రోడ్డు మీదికొస్తారు, ఫోన్‌లో క్యాబ్ రేటు చూస్తుండగానే పెరుగుతుంది. మాకు బుక్ అయిన క్యాబతను ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ, క్యాషా ఆన్‌లైనా" అని అడిగి రద్దు చేసేశాడు, రెండోవాడూ అంతే. చివరికి ఒక ఆటో, 700 అడిగితే 450కి కుదిరింది. మూసే టైముకి ఓ ముక్కాలుగంట ముందే బయటపడితే బస్సులో సీటు కూడా దొరుకుతుంది.

వండర్‌లాకి అందరం వెళ్ళలేదు. ఇది చెప్తే కొందరు అదేంటని అడుగుతారు, కుటుంబంతో వెళ్ళి విడిపోతారా అని. బాబుని తీసుకుని మా ఆయన ఒక్కరే వెళ్ళారు, ఒక పెద్ద టికెట్, ఒక పిల్లల టికెట్. నేను, అత్తయ్య, పాప ఆ పొద్దున కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి, ప్రసాదం తిని, మధ్యాహ్నం ఫ్లాట్‌కొచ్చి ముగ్గురం హాయిగా నిద్రపోయాం. మూడు టికెట్ల డబ్బు మిగిలింది, ఒక్కొక్కటీ తక్కువేం కాదు, పెద్దవాళ్ళదైతే వెయ్యి దాటుతుంది.

వాళ్ళిద్దరూ చెప్పినదాని ప్రకారం, ఆరేళ్ళ వాడికి పిల్లల రైడ్లు, అలల కొలను, రెయిన్ డ్యాన్స్, ఇవి పుష్కలంగా సరిపోయాయి. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ముందుకీ వెనక్కీ వెళ్తుందట, మా ఆయన దాన్ని కింద నుంచే చూశారు, పిల్లాడిని ఎవరికి అప్పజెప్పి ఎక్కుతారు? ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఒకరి తర్వాత ఒకరు ఎక్కొచ్చు. నీళ్ళ రైడ్లకి నైలాన్ లాంటి బట్టలే ఉండాలి, కాటన్ రానివ్వరు, లోపల కొనాలి లేకపోతే. రాజమండ్రిలోనే ముందుగా కొనుక్కెళ్ళాం. లాకరుకి వేరే డబ్బులు. ఫిబ్రవరిలో కూడా సాయంత్రం నాలుగయ్యేసరికి తడి బట్టలతో బాబు వణికాడట, పెద్ద తువ్వాలు, పొడి బట్టలు రెండు జతలు పెట్టుకోండి. పదేళ్ళు దాటిన పిల్లలుంటే నేను చెప్పిందంతా తలకిందులు చేసుకోండి, వండర్‌లాయే ముందు, రామోజీ తర్వాత.

మిగిలిన రోజు జూ. నెహ్రూ జూలాజికల్ పార్క్, బహదూర్‌పురాలో, 1963 నుంచి ఉంది. సోమవారం సెలవు, అది చూసుకోకుండా వెళ్ళి గేటు ముందు నిలబడ్డ కుటుంబాలు ఎన్నో. అయిదుగురి టికెట్లూ కలిపినా వండర్‌లాలో ఒక్క పెద్ద టికెట్ కన్నా చాలా తక్కువ. 380 ఎకరాలు నడవలేం కాబట్టి బ్యాటరీ బండికి డబ్బులు పెట్టండి, ఇక్కడ పీనాసితనం వద్దు. పాపకి ఏనుగు, బాబుకి టాయ్ ట్రైను, సఫారీ బస్సులోంచి సింహం తోక కనిపించిందని ఇద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటారు, ఒకడు చూశానంటాడు, ఇంకొకత్తి నేనే ముందు చూశానంటుంది.

స్నో వరల్డ్‌కి కూడా వెళ్ళమని ఆడపడుచు చెప్పింది, జలుబు తగ్గని పిల్లతో మంచులోకి ఎందుకని వదిలేశాం. వేసవి సెలవుల్లో తప్ప కుదరదనే వాళ్ళయితే ఫిల్మ్ సిటీ ఎండలో మధ్యాహ్నం కష్టం, మే నెలలో చిన్నపిల్లలతో అసలు వద్దు. అప్పుడు ఏదైనా నీళ్ళ పార్కులో ఒక పూట, పొద్దున్నే జూ, ఈ రెండే పెట్టుకుని మిగిలిన టైము బంధువుల ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చోండి, ఆడపడుచులు అలగకుండా కూడా ఉంటారు.